గంగమణి అడిగిన చీనా పూస

మా క్యాంపులో పద్నాలుగో నంబరు గది చాలాకాలం ఖాళీగా ఉండేది. అందులో జిన్ను ఉందని, మంచాన్ని కాళ్ళు పట్టి ఈడుస్తుందని అందరూ చెప్పుకునేవారు. ఆ గదిలో ఏసీ మాత్రం కొత్తది. నేను ఏసీ టెక్నీషియన్ని, నాకు జిన్ను కంటే ఏసీ ముఖ్యం. పెట్టె తీసుకుని అందులోకి మారిపోయాను. మొదటిరోజే చప్పుడు వినబడింది. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే, డక్టుకు బిగించిన క్లాంపు ఊడి కొట్టుకుంటోంది. రెండు స్క్రూలు బిగించాను. జిన్ను ఆ పూటే పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని దేశం విడిచి వెళ్ళిపోయింది.

నేను అలాంటి మనిషిని. దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా "నువ్వు చూసినవా, మీ బామ్మర్ది చూసిండా?" అని అడ్డం పడేవాణ్ణి. అందుకు కొంతమందికి నా మీద కోపం కూడా ఉంది. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను కాబట్టి వాళ్ళు తనివితీరా నవ్వుకోవచ్చు. జరిగింది జరిగినట్టు చెబుతాను. కల్పించి చెప్పడం నాకు చేతకాదు.

నా పేరు రాజేశం. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. సౌదీలోని యాన్బుకు వచ్చి పదమూడేళ్ళు దాటింది. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పని చేస్తున్నాను.

మేము పూసలవాళ్ళం. మా అమ్మ, ఆమె తల్లి, అందరూ నెత్తిన బుట్ట పెట్టుకుని ఊరూరా తిరిగి నల్లపూసలు, పిన్నీసులు, దువ్వెనలు, రిబ్బన్లు అమ్మినవాళ్ళే. తెగిన దండలు ఎవరైనా ఇస్తే అక్కడే అరుగు మీద కూర్చుని గుచ్చి ఇచ్చేవాళ్ళు. నాకు నడక రాకముందే దారానికి మైనం రాయడం వచ్చిందని మా అమ్మ అనేది. అది మీరు నమ్మక్కర్లేదు గానీ, పూసలు గుచ్చడం మాత్రం నా వేళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. అది చెప్పకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

ఇంట్లో ఒకరు ఊళ్ళ మీద అమ్మకానికి బయలుదేరితే, ఇంట్లో మిగిలిన మనిషి ఆ రోజే ఒక దండ మొదలుపెడుతుంది. రోజుకొక పూస గుచ్చుతుంది. ముడి వేయదు. వెళ్ళిన మనిషి తిరిగొచ్చాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. వచ్చినవాడు దారం ఒక కొసను కుడికాలి బొటనవేలి కింద తొక్కిపట్టాలి. ఇంట్లో ఉన్న మనిషి రెండో కొసను చివరి పూసలోంచి ఎదురు దూర్చి లాగాలి. ఇద్దరూ ఒకేసారి బిగిస్తే ముడి ఆ పూస బెజ్జంలోకి వెళ్ళి కూర్చుంటుంది, బయటికి కనబడదు. ఒక్కరే వేస్తే ఎంత నేర్పున్నా ముడి బయటే ఉండిపోతుంది.

ఒక్కరే వేసే ముడి కూడా ఉంది. వెళ్ళిన మనిషి ఇక రాడని తెలిసినప్పుడు వేసేది అది. వేసి, ఆ దండను ధర్మపురి దగ్గర గోదావరిలో వదిలేస్తారు. అందుకే ఎదురుచూసే మనిషితో ‘ముడి వేసుకో’ అనకూడదు. మాలో అది ఏ తిట్టుకన్నా పెద్ద మాట.

ముడి పట్టే చివరి పూసను ముడిపూస అంటాం. మామూలు పూసల బెజ్జం సన్నం, అందులో ముడి పట్టదు. మా అమ్మ దగ్గర ఇందుకోసమే ఒక నీలం పూస ఉండేది. రేగుగింజంత ఉండేది, చేతిలో పెట్టుకుంటే అంత చిన్నదానికి అంత బరువేమిటా అనిపించేది. దాన్ని చీనా పూస అనేది. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందని తప్ప దాని గురించి ఆమెకేమీ తెలియదు. మా నాన్న పోయినప్పుడు ఒక్కతే ముడి వేసి, దండతో పాటు దాన్నీ గోదావరిలో వదిలేసింది.

అప్పుడు ఆమె పక్కన నిలబడి చూసిన పిల్ల గంగమణి. నా మేనమామ కూతురు, తర్వాత నా భార్య.

నేను మొదటిసారి సౌదీకి బయలుదేరిన రోజు చుట్టాలందరూ బంగారం రేటు గురించి మాట్లాడుతున్నారు. గంగమణి నన్ను పక్కకు పిలిచింది.

"బావా, నాకు గొలుసులు గిలుసులు ఏం వద్దు. అత్తమ్మ దగ్గరుండె సూడు, అసొంటి చీనా పూస దొరికితే తే. మన ముడికి పెట్టుకుందాం."

రోజుకొక పూస సంగతి మాత్రం తనే మార్చింది. రెండేళ్ళకొకసారి వచ్చే మొగుడికి రోజుకొకటి గుచ్చితే అది దండ కాదు, బర్రెకు పలుపవుతుందని నవ్వింది. నాకు శుక్రవారం సెలవు, ఆ రోజే తీరిగ్గా ఫోన్ చేస్తాను కాబట్టి శుక్రవారానికి ఒక పూస అని పెట్టుకుంది.

మొదటి సెలవుకు నేను తీసుకెళ్ళిన పూస సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఇక్కడ ఏ వస్తువైనా రెండు రియాళ్ళకు అమ్మే దుకాణంలో ఒక డబ్బా కొన్నాను. డబ్బా మీద చైనా అని పెద్దక్షరాలతో ఉంది. చీనా పూస అడిగింది కదా, చీనాదే తెచ్చాను. గంగమణి పూస చూసింది, డబ్బా చూసింది, గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

రెండోసారి బుద్ధిగా పాత సామాన్ల బజారులో వెతికాను. ఆ బజారును ఇక్కడ హరాజ్ అంటారు. పాడుబడిన ఇళ్ళలోంచి వచ్చిన రాగి గిన్నెలు, దీపాలు, వెండి కడియాలు, తెగిన జపమాలలు అక్కడ దొరుకుతాయి. ప్రొద్దుటూరు ఖాదర్ భాయ్ అక్కడే ఒక దుకాణం నడుపుతాడు. కఫీల్ పేరు మీద, అంటే పూచీపడే అరబ్బు యజమాని పేరు మీద బోర్డు, చాకిరీ అంతా ఖాదర్ భాయ్‌ది. ఆయన దగ్గర ఒక పాత నీలం పూస దొరికింది. గంగమణి దాన్ని తలుపు దగ్గర వెలుతురుకు పట్టి చూసింది.

"గీతలు బెజ్జం ఎంబడి పోతున్నయి బావా. ఇది మన దిక్కుదే. పాపం దీన్ని ఓడెక్కిచ్చినోళ్ళు ఓడెక్కిస్తే, నువ్వు ఇమానమెక్కిచ్చి మల్ల ఇంటికి తెచ్చినవా?"

నాకు పౌరుషం వచ్చింది. అప్పటినుంచే పూసల పిచ్చి పట్టింది.

ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఫోన్ తెలుగులోకి మార్చి ఇచ్చేది. ఆ తెలుగు చదివితే కడుపు ఉబ్బేలా నవ్వొచ్చేది గానీ విషయం అందేది. మన దేశంలో గాజును గొట్టంలా సాగదీసి ముక్కలు కోసేవారు, అందుకే గీతలు, బుడగలు బెజ్జం వెంబడి సాగుతాయి. చీనావాళ్ళు మట్టి పూసిన ఇనుప చువ్వకు కరిగిన గాజును దారంలా చుట్టేవారు. అందుకే వాళ్ళ పూస మీద గీతలు బెజ్జం చుట్టూ తిరుగుతాయి, చువ్వ లాగేశాక బెజ్జం వెడల్పుగా మిగులుతుంది. గాజులో సీసం కలిపేవారు, బరువు దానివల్ల. మా అమ్మకు, గంగమణికి ఇదంతా వేళ్ళతో తెలుసు. నాకు ఫోన్ చెప్పాల్సి వచ్చింది.

వాటిలో కన్నుపూసలని ఉన్నాయి. రెండువేల ఏళ్ళు దాటినవి. కన్నులో కన్ను, దానిలో ఇంకో కన్ను, తెలుపు మీద నీలం. చీనాలో పెద్దపెద్దవాళ్ళ సమాధుల్లో దొరికాయట. విచిత్రం ఏమిటంటే, అలాంటి పూసలు మొదట ఈ పడమటి దేశాల నుంచే ఎడారి దారుల్లో చీనాకు వెళ్ళాయి. అక్కడివాళ్ళు చూసి, ముచ్చటపడి, తమ గాజుతో తాము చేసుకున్నారు. తర్వాత వందల ఏళ్ళకు చీనా పూసలు ఓడలెక్కి ఇటువైపు వచ్చాయి. వెళ్ళింది వేరే రూపంలో తిరిగి రావడం నాకు చాలా నచ్చింది. అది చదివిన రోజు గంగమణికి ఫోన్ చేసి గంటసేపు చెప్పాను. ఆమె అన్నం మాడిపోయింది.

ప్రతి శుక్రవారం ఉదయం ఖాదర్ భాయ్ దుకాణానికి పోయేవాణ్ణి. తస్బీలని వాళ్ళనే జపమాలలు తెగినవి గుచ్చి ఇచ్చేవాణ్ణి, బదులుగా ఆయన పాత పూసలేవైనా వస్తే నాకోసం తీసిపెట్టేవాడు. వారం రోజులకు ఏడు గదులుండే మందుల డబ్బా ఒకటి కొని వాటిని దాచాను. తేనెరంగువి, పాలరంగువి, పాచిరంగువి, చుట్టుగీతలున్న చీనా పూసలు నలభై దాకా పోగయ్యాయి. కన్నుపూస నాలాంటివాడికి దొరికేది కాదని తెలుసు. కానీ రేగుగింజంత నీలం పూస, వెడల్పు బెజ్జంది, ఎన్నేళ్ళు చూసినా దొరకలేదు. ప్రతి సెలవుకూ ఏదో ఒక పూసతోనే ముడి కానిచ్చేవాళ్ళం. నేను దారం తొక్కిపట్టేవాణ్ణి. ఆమె రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా లాగి, కొస పళ్ళతో కొరికేది. "అయ్యిందా?" అని నేను అడిగేవాణ్ణి. "అయ్యింది, కాలు తియ్యి బావా" అనేది.

ఆఖరిసారి నేను ఇంటి నుంచి వచ్చాక సెలవు దొరకలేదు. ప్లాంటులో షట్‌డౌన్ పనులని కంపెనీ మూడుసార్లు వాయిదా వేసింది. ఒక శుక్రవారం కూడా డ్యూటీ వేశారు. ఎండలో పన్నెండు గంటలు పైకప్పుల మీద పని చేసి వచ్చి, బూట్లయినా విప్పకుండా మంచం మీద పడ్డాను. అప్పుడు గంగమణి ఫోన్ చేసింది.

"బావా, ఎప్పుడొస్తవ్?"

"ఎన్నిసార్లు అడుగుతవే? అంత ఓపిక లేకుంటే ఆ ముడి నువ్వే ఏసుకో."

నోట్లోంచి వచ్చేసింది.  "సరే బావా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ శుక్రవారం ఆమె మామూలుగానే మాట్లాడింది. శ్రావణి కాలేజీ గురించి, బియ్యం గురించి. శ్రావణి మా ఒక్కతే కూతురు. నేను ఆ మాట ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని, కాళ్ళు పట్టుకునైనా సర్దిచెప్పుకుంటానులే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి చేసే పనుల్లో అదొకటిగా పెట్టుకున్నాను.

నాలుగు నెలలకు గంగమణి పోయింది. పొద్దున పదింటికి బియ్యం చెరుగుతూ పక్కకు ఒరిగిందట. తలలో నరం చిట్లిందన్నారు. నాకు ఇంటికి వెళ్ళి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పెద్దకర్మ నాడు మా పెద్దవాళ్ళు దండ తెమ్మన్నారు. నేను ఒక్కణ్ణే ముడి వేసి గోదావరిలో వదలాలి. దండ లేదు. పూసల సంచి దులిపాము, పెట్టె, దేవుడి గూడు, బియ్యం డ్రమ్ము, అన్నీ వెతికాము. గంగమణి అక్క, మా వదిన, చివరికి అలసిపోయి అంది.

"ముడేసి గోదాట్ల ఇడిసిందేమో రాజేశం."

ఆమెకు నేను ఫోన్లో అన్న మాట తెలియదు. నాకు తెలుసు.

మూడు వారాలుండి తిరిగొచ్చాను. ఆ తర్వాత నన్ను తిన్నది ఒకటే. చావు ఎవరి చేతిలోనూ లేదు. కానీ నేను రానని అనుకుని, ఒక్కతే కూర్చుని, ఒంటి చేత్తో ముడి వేసుకుని పోయిందా? ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగడానికి మనిషి లేదు. హరాజ్‌కు వెళ్ళడం మాత్రం మానలేదు. ఆమె అడిగింది ఒక్క పూస. ఆమె లేకపోయినా దాన్ని వెతకడం మానేస్తే, ఆమె నిజంగానే పోయినట్టు అనిపించేది.

ఏడాదిన్నర తర్వాత ఒక శుక్రవారం ఖాదర్ భాయ్ ఒక రేకు డబ్బా నా ముందు బోర్లించాడు. పాత యాన్బులో ఏదో ఇల్లు పడగొడితే వచ్చిందట. చెక్క పూసలు, విరిగిన ఉంగరం, తుప్పు పట్టిన తాళంచెవులు. వాటి మధ్య నీలం పూస.

వేలిమీదకు తీసుకోగానే బరువు తెలిసింది. భూతద్దం పెట్టాను. గీతలు బెజ్జం చుట్టూ తిరుగుతున్నాయి. బెజ్జం వెడల్పు. అంచున బియ్యపు గింజంత పెచ్చు ఊడి ఉంది. ఎప్పుడో ఏ హజ్ యాత్రికుడి మాలలోనో ఓడ దిగి ఉంటుంది. 

"అదేనా అప్పా?" అన్నాడు ఖాదర్ భాయ్. ఆయనకు గంగమణి సంగతి అంతా తెలుసు. "తీస్కో. దుడ్లు గిడ్లు అన్న్యావంటే బాగుండదు. ఎన్ని తస్బీలు గుచ్చిచ్చినావు నాకు!"

పూసను తెల్ల చేతిరుమాలు మీద పెట్టి ఫోటో తీశాను. పంపడానికి గంగమణి నంబరు దాకా వెళ్ళి ఆగాను. ఏడాదిన్నరయినా వేలికి ఆ అలవాటు పోలేదు. అంత ఏడుపు నాకు కర్మల నాడు కూడా రాలేదు. ఖాదర్ భాయ్ వేరే పని ఉన్నట్టు అటు తిరిగాడు.

జుమ్మా నమాజుకు వేళయింది. ప్రతి శుక్రవారం జరిగేదే జరిగింది. ఆయన షట్టర్ సగం దించి మసీదుకు వెళ్ళాడు. నేను లోపల తివాచీ మీద కూర్చుని ఒక జపమాల గుచ్చుతున్నాను. నల్ల నైలాన్ దారం. కొస కుడికాలి బొటనవేలి కింద తొక్కిపట్టాను. రుమాలు మీద నీలం పూస నా ఎడమ మోకాలి పక్కన ఉంది. మిట్టమధ్యాహ్నం, షట్టర్ కింద నుంచి ఎండ నా దాకా వస్తోంది. మసీదు మైకులో ప్రసంగం వినబడుతోంది.

బొటనవేలి కింద దారం బిగిసింది.

మొదట నేనేమీ అనుకోలేదు. దారం బిగిస్తే వేలు ఇంకా గట్టిగా నొక్కడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. నొక్కాను. చిన్నగా ఒకసారి లాగింది. మళ్ళీ చిన్నగా ఒకసారి. తర్వాత గట్టిగా, పొడుగ్గా. ఆ తర్వాత పళ్ళతో దారం కొరికిన చప్పుడు.

"అయ్యిందా?" అన్నాను. పైకే అన్నాను.

అన్న తర్వాత నేనెక్కడున్నానో గుర్తొచ్చింది. తల దించి చూశాను. నైలాన్ దారం వదులుగా తివాచీ మీద పడి ఉంది. దానికి ముడి లేదు, ఏమీ లేదు. నాకు భయం వేయలేదు. వేయాల్సిందే, ఎందుకు వేయలేదో తెలియదు. కాలు తియ్యమని ఎవరూ అనలేదు కాబట్టి తీయలేదు. అలాగే తొక్కిపట్టుకుని కూర్చున్నాను.

ఖాదర్ భాయ్ వచ్చి షట్టర్ ఎత్తాడు.

"ఏమప్పా, కాలు అట్ల తొక్కిపెట్టుకోని కూసున్న్యావు? తిమ్మిరెక్కిందా?"

నేను కాలు తీశాను. బొటనవేలి కింద దారం కోసినట్టు సన్నటి గీత ఉంది. గీత పొడుగునా పసుపుపచ్చగా ఉంది. "పసుపేంది అప్పా కాలికి?" అన్నాడాయన. నైలాన్ దారం నల్లది. పసుపు కలిపిన మైనం రాసిన నూలు దారంతో గుచ్చేది మా ఇంట్లోనే. ఆ గీత నాలుగైదు రోజులకు గానీ పోలేదు.

అప్పుడు రుమాలు వైపు చూశాను. పూస లేదు. తివాచీ ఎత్తి దులిపాము, బీరువా జరిపాము, చీపురుతో మూలమూలలా ఊడ్చాము. "యాడికి పోతాది, కాళ్ళుండాయా దానికి?" అంటూ ఆయన టార్చి వేసుకుని బోర్లా పడుకుని వెతికాడు. తొమ్మిదేళ్ళు వెతికిన పూసను చేతికొచ్చిన రోజే పోగొట్టుకున్నందుకు నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

సాయంత్రం ఫోన్ తెరిస్తే శ్రావణి నుంచి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అది కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ళమ్మ మెత్తను, అంటే తలదిండును, ఎవరికీ చెప్పకుండా తనతో తీసుకుపోయింది. పోయినవాళ్ళ పక్కబట్టలు ఉంచుకోరు కాబట్టి నాకూ చెప్పలేదు.

"బాపూ, తిట్టకు. మెత్త ఉతుకుదామని కుట్టు ఇప్పిన. దూదిల అమ్మ దండ దొరికింది. దినాం దాని మీదనే పండుకుంటున్న, ఇన్ని రోజులు తలకు తాకనేలే."

 ముడి ఉందా అని అడిగాను.

"లేదు బాపూ. ముడి కనవడ్తలేదు."

ముడి వేయలేదు. అంటే వదులుకోలేదు.  జాగ్రత్తగా పట్టుకో, కొసలు జారి పూసలు పోతాయి అన్నాను.

"కొసలేడియి బాపూ? దండ చుట్టూత కలిసే ఉన్నది. నడుమల పెద్ద నీలం పూస ఉన్నది గదా, ఆడ కలిసింది."

అది పంపిన ఫోటో చూశాను. తీసిన వేళ మన దగ్గర మూడు దాటి పది నిమిషాలు. ఇక్కడి లెక్కన పన్నెండు నలభై. షట్టర్ సగం దించి ఉన్న సమయం.

రెండు నెలల తర్వాత సెలవు దొరికింది. తిన్నగా కరీంనగర్‌లో దిగి శ్రావణి దగ్గర దండ తీసుకున్నాను. పసుపు మైనం రాసిన నూలు దారం, మైనం ఇంకా మెత్తగా వేలికి అంటుకుంటోంది. ముడి పూస బెజ్జంలో ఉంది. సూదితో కదిలించి చూశాను. ఇద్దరు వేసే ముడి. పూస అంచున బియ్యపు గింజంత పెచ్చు. హరాజ్‌లో తీసిన ఫోటో పక్కన పెట్టి చూశాను. రెండు పూసలకు ఒకే చోట పెచ్చు ఊడి ఉండొచ్చు, కాదనను. గంగమణే ఎక్కడో అలాంటి పూస సంపాదించి ఉండొచ్చు. ఆమెతో పాటు దారం పట్టిందెవరని ఇంటింటికీ వెళ్ళి అడిగాను. వదిన, పిన్నులు, పక్కింటివాళ్ళు, ఎవరూ పట్టలేదు. ఒకరి దండకు ఇంకొకరు కాలు పెట్టరు.

తర్వాత పూసలు లెక్కపెట్టాను. వారానికొక పూస కాబట్టి లెక్కలో అంతా తేలుతుందనుకున్నాను. గంగమణి ఉండగా నేను ఆఖరిసారి ఇల్లు విడిచినప్పటి నుంచి ఫోన్లో ఆ మాట అన్న రోజుకు నూట తొమ్మిది వారాలు. ఆమె పోయిన రోజుకు నూట ఇరవై ఆరు. నూట తొమ్మిది దగ్గర ఆగితే నా మాట ఆమెను చంపినట్టే. అది చూడడానికి నేను ఎంత భయపడ్డానో చెప్పలేను.

నూట తొమ్మిది దాటింది. నూట ఇరవై ఆరూ దాటింది. ముడిపూస కాకుండా రెండువందల ఒకటి వచ్చాయి. శ్రావణితో లెక్కపెట్టించాను, రెండువందల ఒకటే.

క్యాలెండరు తీసి కూర్చున్నాను. నేను ఇల్లు విడిచిన రోజు నుంచి ఖాదర్ భాయ్ దుకాణంలో దారం బిగిసిన శుక్రవారం దాకా రెండువందల నాలుగు వారాలు. మూడు పూసలు తక్కువ. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, కొంచెం ఊపిరి ఆడింది. లెక్క తప్పింది కాబట్టి ఇదేదో మామూలు సంగతే, నాకు అర్థం కానిదంతే అనుకున్నాను.

అప్పుడు శ్రావణి అంది. "నువ్వు అమ్మ కర్మలకచ్చి మూడు వారాలు ఇంట్ల ఉన్నవ్ గదా బాపూ."

ఇంట్లో ఉన్నన్ని రోజులకు పూస గుచ్చరు.

ఇప్పుడు మళ్ళీ యాన్బులో, అదే పద్నాలుగో నంబరు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. దయ్యాలున్నాయని నేను ఇవాళ కూడా అనను. ఊడిన క్లాంపు ఎక్కడో ఉండే ఉంటుంది, నా నిచ్చెన అంత ఎత్తుకు అందడం లేదు. ఎవరికైనా అందితే చెప్పండి, వింటాను. వాదిస్తాను కూడా. ఈసారి నేను సౌదీకి బయలుదేరిన రోజు శ్రావణి ఒక దండ మొదలుపెట్టింది. ఎప్పుడొస్తావని అది అడిగితే విసుక్కోవడం లేదు, తేదీ చెబుతున్నాను.

ఆ రోజు ఫోన్లో ముడి వేసుకో అన్నాను. సరే బావా అంది. వేసింది. ఒక్కతే మాత్రం వేయలేదు.